ఓజోన్ నీళ్ళు – మన ఇంటి బిందె

వర్షాకాలంలో పర్ణశాల వైపు నుండి ఒక తల్లి తన ఏడాదిన్నర బిడ్డను వాంతులు, విరేచనాలతో తీసుకువచ్చింది. ఏ నీళ్ళు తాగిస్తున్నావమ్మా అని అడిగాను. "గోదావరి నీళ్ళు కాదు సిస్టరమ్మా, ఓజోన్ నీళ్ళే. క్యాన్ మీద రాసుంది" అన్నది. ఆ క్యాన్ నీళ్ళు బిందెలో పోసి, ఇంటిల్లిపాదీ గ్లాసు ముంచుకుని తాగుతున్నారట. మూడు రోజుల్లో బిడ్డ కోలుకున్నది గాని, ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటే ఓజోన్‌లో మూడుంటాయి. అందువలన అది నిలకడగా ఉండలేదు. నీటిలో కలిపితే క్రిముల పైపొరను చీల్చి చంపుతుంది. ఫ్రాన్సులోని నీస్ నగరంలో 1906 నుండే తాగునీటికి దీనిని వాడారు. ఆహారపదార్థాలను శుభ్రపరచడానికి అమెరికా ప్రభుత్వం 2001లో అనుమతించింది. కొన్నిచోట్ల గ్రీన్‌హౌస్ రైతులు డ్రిప్ నీటిని కూడా ఇలా శుద్ధి చేస్తారు.

అయితే మామూలు నీటిలో సుమారు 20 నిమిషాలకే సగం ఓజోన్ విరిగి ఆక్సిజన్ అయిపోతుంది. క్యాన్ మన గుమ్మం చేరేసరికి దానిమీద పేరే ఉంటుంది, ఓజోన్ ఉండదు. ఆ తరువాత మురికి చెయ్యి పడితే కాపాడేది ఏదీ లేదు. క్లోరిన్ అలా కాదు, కొంతసేపు నీటిలో నిలిచి కాపలా కాస్తుంది. వాసన బాగోదని చాలామంది పారబోస్తారు, అది పొరపాటు. క్లోరిన్ బిళ్ళను పాకెట్ మీది కొలత ప్రకారం వేసి అరగంట ఆగండి. లేదా నీళ్ళు తెర్లి మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి. కుళాయి ఉన్న బిందె గాని, పొడుగు కాడ గరిటె గాని వాడండి.

మిరప రైతులు కూడా దీని గురించి అడుగుతున్నారు. బురద నీటిలో ఓజోన్ ఆ బురదతోనే ఖర్చయిపోతుంది. కాయ పైనున్న పురుగుమందు కొంత తగ్గవచ్చు, లోపలికి దిగినది పోదు. మందు కొట్టాక డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి కోయడమే మేలు. ఇంట్లో ఓజోన్ మిషను పెట్టుకున్నవారు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి. ఆ వాయువు పీలిస్తే దగ్గు, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్నవారు దాని దగ్గరకే పోవద్దు.

బిడ్డకు విరేచనాలు మొదలైతే తల్లిపాలు ఆపకండి. ఒక ఓ.ఆర్.ఎస్. పెద్ద పాకెట్టును లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. మిగిలినది మరునాటికి ఉంచవద్దు. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా రాత్రయినా సరే వెంటనే తీసుకురండి.