ఎలుక తినడం మానేసింది. ఎందుకని?

ఊబకాయం ప్రాజెక్టు తీసుకున్న ఎం.ఫార్మ్ విద్యార్థికి పని మొదట్లో తేలిగ్గా కనిపిస్తుంది. కొవ్వు మేతతో ఎలుకల్ని లావెక్కించడం, మొక్క ఎక్స్‌ట్రాక్ట్ పట్టించడం, బరువు చూడటం. బరువు తగ్గుతుంది కూడా. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది.

నా జూనియర్ ఒకరు చేదు ఎక్స్‌ట్రాక్ట్‌ని కిలోకు 400 మిల్లీగ్రాముల డోసులో ఇచ్చారు. వారంలో మేత సగానికి పడిపోయింది. గైడ్‌కి సంతోషం, పేపర్ రాయడం మొదలైంది. నేను వెళ్ళి బోను ముందు కూర్చున్నాను. ఎలుకలు మూలకి నక్కి ఉన్నాయి. బొచ్చు రేగి, తోక కింద తడి. అది ఆకలి తగ్గడం కాదు, విరేచనాలు.

ఎలుకకి వాంతి రాదు. కడుపులో తిప్పితే మట్టిలాంటివి తింటుంది. అందుకే మేత పక్కన కయోలిన్ అనే మట్టి పెల్లెట్లు పెట్టండి. డోసింగ్‌కి కొన్ని రోజుల ముందే అలవాటు చేయండి, లేకపోతే కొత్తదని కొరుకుతుంది. డోసు తర్వాత కయోలిన్ వాడకం పెరిగితే మీ ఎక్స్‌ట్రాక్ట్ వికారం పుట్టిస్తోందని అనుమానించాలి.

పెయిర్-ఫెడ్ గ్రూపు తప్పనిసరి. ఎక్స్‌ట్రాక్ట్ గ్రూపు నిన్న ఎంత తిందో, ఈ గ్రూపుకి ఇవాళ అంతే మేత, మందు మాత్రం ఉండదు. రెండింటి బరువూ సమానంగా తగ్గితే కారణం తిండి తగ్గడమే. జంతువుల సంఖ్య పెరుగుతుందని దీన్ని వదిలేస్తారు. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో మొదటే రాయండి. మధ్యలో కలపాలంటే మళ్ళీ మీటింగ్ కోసం ఆగాలి, మీ సబ్మిషన్ తేదీ దాటిపోతుంది.

మేత తూకంలో ఇంకా ఎక్కువ తప్పులు జరుగుతాయి. కొవ్వు మేత పొడిపొడిగా రాలుతుంది, బోనులో పరిచిన వరిపొట్టుని జల్లెడ పట్టి ఆ ముక్కల్ని తూచాలి. బోనులో మూడు ఎలుకలుంటే మేత లెక్కకి మీకు దొరికేది ఒక్క అంకె, మూడు కాదు. ఎలుక ఎక్కువగా తినేది చీకట్లో. లైట్లు ఆరే ముందు డోసు ఇవ్వండి. ఉదయం ఇచ్చి రెండు గంటలకే తూచితే ఏ తేడా కనబడదు.

పోలికకి వాడే స్టాండర్డ్ మందుని పాత థీసిస్ నుంచి ఎత్తిరాయకండి. సిబుట్రమిన్‌ని గుండెపోటు, పక్షవాతం ప్రమాదం వల్ల 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు. ఆర్లిస్టాట్ పేగులో కొవ్వు జీర్ణం కాకుండా అడ్డుకుంటుంది, ఆకలి జోలికి పోదు. ఆకలి గురించి రాసే థీసిస్‌లో దాంతో పోలిస్తే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు.

ఆ జూనియర్ డోసుని 100కి దించి మళ్ళీ చేశారు. విరేచనాలు ఆగాయి, బరువు తగ్గడమూ ఆగింది. రెండు ప్రయోగాలూ ఉన్నవి ఉన్నట్టే థీసిస్‌లో పెట్టాం. వైవాలో ఎక్కువసేపు నడిచింది ఆ చాప్టర్ మీద చర్చే.