సెల్‌ఫోనుకు బీమా: కౌంటరు వెనక నేర్చిన ఏడు పాఠాలు

భద్రాచలంలో ఎస్టీడీ బూత్‌తో నా వ్యాపారం మొదలైంది. సెల్‌ఫోన్లు వచ్చాక అదే గది సెల్ షాపు అయింది. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం నుంచే కాక, సరిహద్దు దాటి కుంట నుంచి కూడా జనం వచ్చేవారు. తునికాకు డబ్బులు చేతికందినప్పుడు, మిరప కోతలు ముగిసినప్పుడు కౌంటరు దగ్గర నిలబడ చోటుండేది కాదు. ఇప్పుడు షాపు పిల్లలు చూసుకుంటున్నారు. "ఫోనుకు ఇన్సూరెన్స్ కట్టమంటారా?" అని నన్ను ఎందరో అడిగారు. కమీషన్ వచ్చే రోజుల్లో చాలామందికి ఆలోచించకుండానే కట్టమన్నాను. ఇవాళ ఏ లాభమూ లేకుండా చెబుతున్నాను. కొత్తగా సంపాదన మొదలుపెట్టిన పిల్లలు వినాలని నా కోరిక.

1. ఫోను ధర కాదు, అది పోతే తగిలే దెబ్బ చూడు.

పదిహేను వేల ఫోను ఉద్యోగికి ఒక నెల ఇబ్బంది. అదే ఫోను వాయిదాల మీద కొని, దానితోనే ఆటో బేరాలు, యూపీఐ చెల్లింపులు నడుపుకునే కుర్రాడికి బతుకుతెరువు ఆగిపోవడం. అందుకే అందరికీ ఒకటే జవాబు లేదు. ఒక లెక్క వేసి చూడు. ఫోను 15,000. ప్లాను ఏడాదికి 1,200. క్లెయిమ్ చేసినప్పుడల్లా నీ వాటాగా 500 కట్టాలి. డిస్‌ప్లే మార్పించడానికి 4,000 అవుతుందనుకుందాం. మూడేళ్లలో ఒక్కసారి పగిలితే నువ్వు కట్టింది 4,100, నీకు కలిసొచ్చింది 4,000. ఏటా పగలగొట్టుకునే చేతులైతే ప్లాను మేలు. జాగ్రత్తగా వాడేవాడికి అది నష్టమే. అంకెలు నీ ఫోనుకు తగ్గట్టు మార్చుకో, లెక్క మాత్రం డబ్బు కట్టేముందే వెయ్యి.

2. వారంటీ ఒకటి, బీమా ఒకటి, రెండింటినీ కలపకు.

వారంటీ అంటే తయారీలో లోపముంటే కంపెనీ బాగుచేసి ఇస్తానన్న మాట. అది సాధారణంగా ఒక ఏడాది ఉంటుంది. కింద పడి పగిలినా, నీళ్లలో మునిగినా వారంటీ పలకదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఆ గడువును పెంచుతుందంతే, పగులుకు పూచీ ఇవ్వదు. ఆపైన అమ్మేవాటిలోనూ తేడాలున్నాయి: కొన్ని స్క్రీన్‌కే, కొన్ని పగులుకూ తడికీ, కొన్ని దొంగతనానికి కూడా. చివరిదానికి ధర ఎక్కువ. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన స్క్రీన్ ప్లాను కట్టి, ఫోను పోయాక ధీమాగా నా దగ్గరికి వచ్చాడు. "ఇన్సూరెన్స్ ఉందన్నావు కదయ్యా" అన్నాడు. ఉందన్నమాట నిజమే. దేనికి ఉందో నేను చెప్పలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను, "ఇన్సూరెన్స్ ఉందా" అని అడక్కు. "ఏమేం జరిగితే డబ్బు రాదు" అని అడుగు.

3. పోయింది అంటే దొంగిలించారని కాదు.

శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియం చుట్టూ, ముక్కోటికి గోదావరి ఒడ్డున కిక్కిరిసిన జనం. సాయంత్రానికి ఫోను కనిపించడం లేదంటూ షాపుకు వచ్చేవాళ్లు ఏటా ఉండేవారు. ఎక్కడ జారిపోయిందో తెలియకపోతే చాలా పాలసీలు దాన్ని పోగొట్టుకోవడం కిందే లెక్కేసి డబ్బు ఇవ్వవు. దొంగతనానికి వర్తించే పాలసీలు సైతం పోలీసు ఫిర్యాదు కాగితం అడుగుతాయి, తాళం పగలగొట్టడమో బలవంతంగా లాక్కోవడమో జరిగి ఉండాలని షరతు పెట్టేవీ ఉన్నాయి. పైసా ఖర్చు లేని రక్షణ ఒకటుంది, అది అందరూ వాడాలి. స్టార్, హాష్, సున్నా ఆరు, హాష్ నొక్కితే ఫోను గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంట్లో పుస్తకంలో రాసిపెట్టుకో. ఫోను పోయిన వెంటనే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, నీ పాత మొబైల్ నంబరుతోనే డూప్లికేట్ సిమ్ తీసుకుని, ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్లో ఆ ఫోనును బ్లాక్ చేయించు. 2023 మే నుంచి ఈ ఏర్పాటు దేశమంతటా ఉంది. వేరే సిమ్ వేసినా ఆ ఫోను నెట్‌వర్క్ పట్టదు, ఎవరైనా వాడే ప్రయత్నం చేస్తే పోలీసులకు ఆచూకీ దొరికే వీలుంటుంది. బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించడం కూడా ఆ రోజే జరగాలి.

4. వరద వచ్చాక షరతులు చదివితే ఆలస్యమే.

మన ఊళ్లో నీటిమట్టం అడుగుల్లో చెప్పుకుంటాం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు తాకింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వైపు ఇళ్లను ముంచేసింది. ఇలాంటి నేల మీద బతికేవాళ్లం తడి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. టీ ఒలికి ఫోను తడవడం, వరదలో మునగడం పాలసీ కళ్లకు ఒకటి కాకపోవచ్చు. ప్రకృతి వైపరీత్యాన్ని మినహాయించారో లేదో కాగితంలో వెతికి చూడు. మరో చిక్కు, వరదలో ఫోనుతోపాటు బిల్లూ పోతుంది, బిల్లు లేకుండా క్లెయిమ్ కదలదు. బిల్లు, పెట్టె మీది ఐఎంఈఐ చీటీ, పాలసీ కాగితం ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న దగ్గరివాళ్ల ఫోనుకు పంపి ఉంచు. తడిసిన ఫోనును ఆన్ చేసి చూడాలనిపిస్తుంది, ఛార్జింగు పెట్టాలనిపిస్తుంది. రెండూ చేయకు. బోర్డు షార్టయ్యేది చాలాసార్లు అప్పుడే.

5. సర్వీసు సెంటరు దూరాన్ని కూడా ప్రీమియంలో కలుపు.

నగరంలో ఉన్నవాడికి చెల్లే సలహా అడవి అంచున చెల్లదు. క్లెయిమ్ పని అధీకృత సర్వీసు సెంటర్లోనే జరగాలంటారు. అది ఖమ్మంలోనో ఇంకా దూరానో ఉంటే, భద్రాచలం నుంచే సుమారు 120 కిలోమీటర్లు. చర్ల అవతలి గూడెం నుంచి అయితే ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, ఫోను ఇచ్చి రావాలి, తీసుకోవడానికి మళ్లీ పోవాలి. ఇంటికొచ్చి తీసుకెళ్తామన్న ప్లానులు కూడా అన్ని పిన్‌కోడ్లకూ రావు. నీ పిన్‌కోడ్ చెప్పి ముందే అడుగు. ప్రమాదం జరిగిన ఒకటి రెండు రోజుల్లో తెలియజేయాలన్న గడువులూ ఉంటాయి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊరిలో, ఫోనే పగిలినవాడికి ఆ గడువు ఎంత కష్టమో రాసినవాళ్లకు తెలియదు. ఆత్రంలో పక్క రిపేరు షాపులో విప్పించావా, క్లెయిమ్ అక్కడితో పోతుంది. దూరాభారం ఎక్కువైతే మంచి పౌచ్, టెంపర్డ్ గ్లాస్ వేయించుకుని, ప్రీమియం డబ్బు పక్కన దాచుకోవడమే మేలు.

6. నువ్వు అడగని రూపాయి బిల్లులో ఉంటే తీయించు.

వాయిదాల్లో ఫోను ఇచ్చేటప్పుడు బీమా సొమ్ము అప్పులోనే కలిపేసే అలవాటు మా వ్యాపారంలో ఉండేది. "నెలకు యాభై ఎక్కువ, అంతే" అనేవాళ్లం. సంతకం పెట్టేవాడికి అది బీమా అని తెలిసేది కాదు, దాని మీద వడ్డీ కూడా పడుతుందని అసలే తెలిసేది కాదు. నేనూ అలా సంతకాలు తీసుకున్నాను. చదువు రానివాళ్ల నమ్మకం మీద సంపాదించిన ఆ కమీషన్ నాకు గౌరవం తేలేదు. నువ్వు మాత్రం ఫోను ధర, బీమా ధర విడివిడిగా రాయించుకో. అన్యాయం జరిగితే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అసలైన బీమా పాలసీ అయితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు చెప్పు. నెల గడిచినా కంపెనీ నుంచి సరైన జవాబు రాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు. పాలసీ కాక కంపెనీ సొంత సర్వీసు ప్లాను అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లు. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే అక్కడా రుసుము లేదు, రెండేళ్లలోపు వెళ్లాలి.

7. ఫోనుకన్నా ముందు మనిషికి బీమా.

ఫోనుకు ఏడాదికి వెయ్యి కట్టించుకున్న ఇళ్లలో, ఆ ఇంటి సంపాదనపరుడికి ఏ బీమా లేదని నేను ఆలస్యంగా గమనించాను. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతా నుంచే పోతుంది. 18 నుంచి 70 ఏళ్ల వరకు చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. పాముకాటుకు, చెట్టు మీంచి పడ్డ మరణానికి కూడా వర్తిస్తుంది, అయితే వెంటనే ఆసుపత్రిలో నమోదైన కాగితం ఉండాలి. తునికాకుకు, ఇప్పపువ్వుకు తెల్లవారకముందే అడవికి వెళ్లే మనుషులకు ఇంతకన్నా అవసరమైన కాగితం ఏముంది? జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, 50 ఏళ్లలోపు చేరాలి, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. ఈ రెండూ కలిపినా 456 రూపాయలే. ఈ పథకాల ఫారాలు నా కౌంటరు మీద పెట్టి ఉంటే ఎన్నో ఇళ్లకు ఆసరా అయ్యేది. కమీషన్ రాదని పెట్టలేదు. నా వ్యాపారంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

కాబట్టి నా తీర్పు ఇది. పోయినా తట్టుకోగల చవక ఫోనుకు బీమా అక్కర్లేదు. ఖరీదైన ఫోను, దాని మీదే బతుకు, సర్వీసు సెంటరు దగ్గర్లో ఉంది, షరతులు చదివావు: ఈ నాలుగూ కుదిరితే పగులుకూ తడికీ వర్తించే ప్లాను తీసుకో. ఏది తీసుకున్నా తీసుకోకపోయినా, ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి అమ్మానాన్నల పేర్ల మీద ఆ ఇరవై రూపాయల బీమా ఉందో లేదో కనుక్కో. లేకపోతే ఆ రోజే కట్టించు.