మోటారుసైకిలు గొలుసు: దాని యరుగుదలయు సంరక్షణమును

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారి మన పెద్దవూర మీదుగా పోవుచున్నది. ఆదివారములందును సెలవుదినములందును రోడ్డుప్రక్కను కొంతసేపు నిలిచి చూచినచో మోటారుసైకిళ్ల వరుస తెగకుండ సాగుట కానవచ్చును. జలాశయమును జూచు వేడుకతో పట్టణమునుండి వచ్చు యువకులు కొందరు; పనులమీద హాలియాకును మిర్యాలగూడకును పోవు మనవారు పెక్కండ్రు. పాలడబ్బాలు, యూరియా బస్తా, వెనుక ఇద్దరు బిడ్డలతో తల్లి, ఇంతయు నొక్క బండిమీదనే పోవుచుండును. ఇంజనునందు పుట్టిన బలము వెనుకచక్రమునకు చేరి యీ భారమును ముందునకు నడుపవలెనన్న, బొటనవ్రేలంత వెడల్పుగల యొక గొలుసు తప్ప దానికి వేఱు దారి లేదు.

ఈ గొలుసునుగూర్చి మన విద్యార్థులలో పలువురు ఎఱిగినది, చప్పుడు వచ్చినపుడు నూనె వేయవలయు ననుట మాత్రమే. అంతకంటె నెఱుగవలసినది చాల గలదు. పైతరగతులలో గణితమును భౌతికశాస్త్రమును చదువువారు పుస్తకమున జూచిన సూత్రములు కొన్నింటిని దీనియందు చేతితో తాకి చూడవచ్చును. ఇంటివద్ద బండిగల తల్లిదండ్రులకు సయితము ఇందలి కొన్ని మాటలు పనికివచ్చునని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

ఇంజనుప్రక్క నుండు చిన్న పండ్లచక్రము, వెనుకచక్రమునకు బిగించిన పెద్ద పండ్లచక్రము, ఈ రెంటిని చుట్టిన గొలుసు, ఈ మూటిని కలిపి మన షెడ్లలో 'చైను సెట్టు' అందురు. పండ్లచక్రమునకు స్ప్రాకెట్టని పేరు. గొలుసునందలి లింకును విప్పిచూచినచో ఇరుప్రక్కల రెండు రేకులు, వాని నడుమ బుష్షు అను సన్నని గొట్టము, దానిలోపల తిరుగు పిన్ను, గొట్టముపై వదులుగా దొరలు రోలరు కనబడును. స్ప్రాకెట్టు పన్ను తాకునది రోలరును మాత్రమే. అది దొరలును గనుక రాపిడి తగ్గును. ఈ యేర్పాటును 1880లో హాన్సు రెనాల్డు అనునతడు పేటెంటు పొందెను. అతడు స్విట్జర్లాండున బుట్టి ఇంగ్లాండునందలి మాంచెస్టరు ప్రాంతమున కర్మాగారము నడిపినవాడు. నేటి బండిగొలుసు మూలరూపమున నతని గొలుసే. మన దేశపు బండ్లకు గావలసిన గొలుసులు కోయంబత్తూరు మొదలగు చోట్ల ఇక్కడనే తయారగుచున్నవి.

గొలుసు రేకుపై 428 అనియో 520 అనియో అంకె చెక్కియుండును. అందు మొదటి యంకె పిన్నుకు పిన్నుకు నడిమి దూరమును అంగుళపు ఎనిమిదవ వంతులలో తెలుపును. 4 అనగా ఎనిమిదింట నాలుగు, అనగా అరంగుళము, 12.7 మిల్లీమీటరులు. 5 అనగా 15.875 మిల్లీమీటరులు. ఈ దూరమును 'పిచ్' అందురు. పెక్కు చిన్న బండ్లకు 428 గొలుసే యుండును గనుక మా లెక్కలన్నియు దానిమీదనే చేసెదము.

గొలుసు 'సాగినది' అని వాడుక. నిజమునకు ఉక్కు రేకు సాగుట లేదు. దూలమునకు వ్రేలాడు ఉయ్యాల గొలుసును జూడుడు. ఏండ్లు గడచినపిదప కొక్కెమును కొక్కెమును రాచుకొను చోట నినుము పలుచబడి గాడిపడియుండును. తక్కిన భాగము చెక్కుచెదరకుండును. బండిగొలుసునందును ఇంతే. పిన్ను బుష్షులో వంగినపుడెల్ల రెంటి మేనును రవంత యరుగును. ఒక్కొక్క కీలునందు సగటున మిల్లీమీటరులో పదవవంతు మాత్ర మరిగినదనుకొందము. 112 లింకుల గొలుసు మొత్తముమీద 11.2 మిల్లీమీటరులు పొడుగగును. కంటికి గానరాని యరుగుదల నూటపండ్రెండుచోట్ల కూడుకొని కంటికి గనబడు వదులగుచున్నది.

అది యెంత తఱచుగా వంగునో లెక్క వేయుదము. వెనుకచక్రపు చుట్టుకొలత రమారమి 2 మీటరులనుకొనిన, కిలోమీటరునకు అది 500 మారులు తిరుగును. వెనుక స్ప్రాకెట్టుకు 42 పండ్లున్నయెడల ఆ 500 చుట్లలో 21,000 లింకులు దానిమీదుగా పోవును. గొలుసులో లింకులు 112 గనుక గొలుసు కిలోమీటరునకు 187.5 మారులు పూర్తిగా తిరిగినట్లు. ఒక్కొక్క తిరుగుడునందు ప్రతికీలును నాలుగుసార్లు వంగును: చిన్న చక్రముపై కెక్కునపుడును దిగునపుడును, పెద్దచక్రముపై కెక్కునపుడును దిగునపుడును. సాగరమునుండి హైదరాబాదునకు బోయి తిరిగివచ్చుటకు సుమారు 300 కిలోమీటరులు. ఆ యొక్క ప్రయాణముననే ప్రతికీలును రెండులక్షల ఇరువదియైదువేల సార్లు వంగి చక్కబడును. కీలులోపల నూనె లేకపోయిన నేమగునో పిల్లవాడైనను ఊహింపగలడు.

వంపు కూడ సమానము కాదు. 42 పండ్ల చక్రముమీద కీలు 360ని 42చే భాగింపగా వచ్చు ఎనిమిదిన్నర డిగ్రీలు మాత్రమే వంగును. 14 పండ్ల చిన్నచక్రముమీద దాదాపు 26 డిగ్రీలు వంగవలెను. చిన్నచక్రము కిలోమీటరునకు 1,500 చుట్లు తిరుగును గనుక దాని ప్రతి పన్నును వెనుకచక్రపు పంటికి మూడురెట్లు దెబ్బ తినును. ముందరి స్ప్రాకెట్టు మూతలోపల దాగియుండి యెవరికిని గనబడదు. అందుచేత నది పూర్తిగా చెడువఱకు దాని జోలికి పోవువారు లేరు. మూత విప్పి చూడుమని మెకానికును అడుగుట మంచిది.

ఇక్కడ క.సా.గు. నేర్చినవారికొక చిన్న వినోదము. ముందుచక్రమునకు 14 పండ్లును గొలుసునకు 112 లింకులును ఉన్నయెడల, 14 ఎనిమిదుల 112 గనుక, ఏ లింకు ఏ పంటితో మొదట గలసెనో ప్రతి తిరుగుడునందును ఆ లింకు ఆ పంటితోనే కలియును. వంకర పన్నొక్కటి యున్న నది యెల్లప్పుడు ఆ యెనిమిది లింకులనే బాధించును. 15 పండ్లున్నచో? 15, 112ల క.సా.గు. 1,680, గొలుసు 15 మారులు తిరిగినగాని మొదటి జోడి మరల కలియదు. అరుగుదల అన్ని పండ్లకును అన్ని లింకులకును పంచబడును. గొలుసునందు లోపలి లింకును వెలుపలి లింకును ఒకటివిడిచి యొకటి వచ్చును గనుక లింకుల మొత్తము సాధారణముగా సరిసంఖ్యయే. కావున స్ప్రాకెట్టు పండ్లు బేసిసంఖ్యయైన మేలని యంత్రనిర్మాతలు చెప్పుదురు.

గొలుసు పొడుగైన స్ప్రాకెట్టున కేమి నష్టమని యడుగవచ్చును. రోలరులు పండ్ల నడిమి పల్లములో కుదురుగా కూర్చుండవలెనన్న గొలుసు పిచ్చును చక్రము పిచ్చును ఒక్కటిగా నుండవలెను. గొలుసు పిచ్చు పెరిగినపుడు అది పల్లము విడిచి పంటి వాలుమీదికి ప్రాకి, తనకు సరిపడు పెద్ద వలయమును వెదకుకొనును. 42 పండ్ల చక్రమున రోలరుల నడిమి వలయపు వ్యాసము దాదాపు 170 మిల్లీమీటరులు. నూటికి ఒక వంతు పొడుగైన గొలుసు 171.7 మిల్లీమీటరుల వలయము గోరును. పన్ను కొనదగ్గర లాగబడి, కొంతకాలమునకు కొడవలి మొనవలె ఒకప్రక్కకు వంగినట్లు కనబడును. అట్టి పండ్లపై క్రొత్త గొలుసు వేసినను అది త్వరలోనే పాడగును. అరిగిన గొలుసును క్రొత్త చక్రముపై వేసినను చక్రము చెడును. కావుననే మూటిని ఒక్కసారిగా మార్చవలయుననుట. గొలుసు వదులైనపుడు రెండు లింకులు తీయించి మరల బిగించుకొను పొదుపరులు మన గ్రామములలో గలరు. లింకులు తీసిన గొలుసు పొట్టియగును గాని మిగిలిన లింకుల పిచ్చు తగ్గదు. అది పొదుపు గాదు.

అరుగుదలను కొలుచుటకు విద్యార్థుల సంచిలోని 30 సెంటీమీటరుల స్కేలు చాలును. 428 గొలుసున వరుసగా 20 పిచ్చులు, అనగా ఒక పిన్ను నడుమనుండి ఇరువదియొకటవ పిన్ను నడుమవఱకు, క్రొత్తదైనపుడు సరిగా 254 మిల్లీమీటరులుండును. గొలుసును లాగిపట్టి కొలువవలెను. 256.5 వచ్చినయెడల నూటికి ఒక వంతు పెరిగినదన్నమాట. క్రొత్త సెట్టునకు సొమ్ము కూడబెట్టుకొనవచ్చును. బండితో వచ్చిన పుస్తకమున ఎంతవఱకు నోర్వవచ్చునో యిచ్చియుండును. దానినే ప్రమాణముగా గొనవలెను. స్కేలు లేనిచో వెనుక స్ప్రాకెట్టునకు చిట్టచివర, ఇరుసునకు వెనుకతట్టున, గొలుసును వ్రేళ్లతో వెనుకకు లాగిచూడుడు. పన్ను సగము బయటపడినచో మార్చుకాలము వచ్చినదే.

మన ప్రాంతమున గొలుసునకు శత్రువు దుమ్ము. ఎండకాలమున మట్టిరోడ్ల దుమ్ము. నాట్లవేళ ట్రాక్టరు చక్రములు కాలువక్రింది పొలములనుండి రోడ్డుమీదికి దెచ్చు బురద. కోతలపిమ్మట రోడ్డుమీద ఆరబోసిన వడ్ల తాలు, గడ్డిపోచలు. ఇసుకరేణువు ఉక్కును గీయగలంత గట్టిది. నూనెతో గలసి కీళ్లలో జేరినయెడల సానపట్టు ముద్దవలె పనిచేయును. అందుచేత మురికిమీద నూనె పోయుట కంటె, మొదట తుడుచుట ముఖ్యము. చిక్కని గ్రీజు పైపైన పులుముట సయితము వ్యర్థమే. అది పిన్నువఱకు చేరక దుమ్మును మాత్రము పట్టియుంచును. ఇంజనునుండి తీసిన నల్లనూనెను గొలుసునకు వాడు అలవాటు పలుచోట్ల గలదు. అందు సన్నని లోహపుపొడి యుండును. దానిని మేము మెచ్చము.

మన ప్రాంతమున గ్యాసునూనె యనబడు కిరసనాయిలులో మెత్తని బ్రష్షును ముంచి రుద్ది, పొడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, పిమ్మట 90 నెంబరు గేరునూనెనుగాని గొలుసుకొఱకే అమ్ము నూనెనుగాని క్రిందివరుస లోపలిప్రక్కను, రేకుల సందులలో పడునట్లు బొట్లుబొట్లుగా వేయవలెను. చక్రము తిరుగునపుడు నూనె బయటికి జిమ్మబడును గనుక లోపలనుండి వేసినది కీళ్లగుండ వెలుపలికి వచ్చును. కొన్ని గొలుసులయందు రేకుల నడుమ సన్నని రబ్బరు ఉంగరములుండును. కర్మాగారముననే పిన్నులలో గ్రీజు నింపి వానిచే మూయుదురు. వీనికి పెట్రోలును ఇనుపతీగల బ్రష్షును తగులనీయరాదు. రబ్బరు చెడిన లోపలి గ్రీజు పోవును, పోయినదానిని మరల నింపుటకు వీలులేదు. సాధారణముగా 500 కిలోమీటరులకొకసారి నూనె వేయుట మంచి యలవాటు. వానలో తడిసినయెడల ఇల్లు జేరినవెంటనే తుడిచి వేయవలెను. ప్రయాణము ముగిసి గొలుసు వెచ్చగా నున్నపుడు వేసిన నూనె రాత్రియంతయు లోనికి దిగును.

ఈ సందర్భమున బాలురకు గట్టిగా చెప్పవలసిన మాట యొకటి గలదు. బండిని నడిమిస్టాండుమీద నిలిపి, ఇంజను నడుపుచు, గేరు వేసి, తిరుగుచున్న గొలుసునకు గుడ్డపట్టి తుడుచువారున్నారు. గుడ్డ పంటికి జిక్కిన చేయి దానివెంట పోవును. రెప్పపాటులో వ్రేళ్లు తెగిపోవును. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, చక్రమును చేతితో త్రిప్పుచు తుడువవలెను. కొంగులును చున్నీలును అంతే ప్రమాదకరములు. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నిబంధనలలో 123వది, వెనుక కూర్చున్నవారి వస్త్రములు చిక్కకుండ వెనుకచక్రమును సగమునకు తక్కువగాకుండ మూయు రక్షణ యుండవలెనని విధించుచున్నది. అందముకొఱకని దానిని ఊడదీసిన బండిపై తల్లినిగాని చెల్లెలినిగాని ఎక్కించుకొనరాదు.

ఇక బిగువు. గొలుసు క్రిందివరుసను నడుమ వ్రేలితో పైకిని క్రిందికిని ఆడించిన ఎంత కదలునో అది వదులు. చిన్న బండ్లకు ఇది 20 మొదలు 30 మిల్లీమీటరులవఱకు ఉండుట పరిపాటి. బండి పుస్తకములో నున్న యంకెయే ప్రమాణము. వీణతీగవలె బిగించిన గొలుసును జూచి పనితనమని మురియు మెకానికులు కలరు. అందలి దోషమును రేఖాగణితము చెప్పును. ముందరి స్ప్రాకెట్టు నడిమి బిందువు, వెనుక చేయి ఊగు కీలు, వెనుక ఇరుసు, ఈ మూడును ఒక త్రిభుజము. మొదటి రెంటి దూరము మారదు. చివరి రెంటి దూరమును మారదు. త్రిభుజమునందు రెండు భుజముల మొత్తము మూడవదానికంటె ఎక్కువ. మూడు బిందువులును ఒకే సరళరేఖపై వచ్చినపుడు మాత్రమే మూడవ భుజము ఆ మొత్తమునకు సమానమై, తన మిక్కిలి పొడవును పొందును. బరువెక్కించినపుడు వెనుకభాగము క్రుంగి మూడు బిందువులు ఆ సరళరేఖకు దగ్గరపడును. స్ప్రాకెట్ల నడిమి దూరము పెరిగి గొలుసు బిగియును. ఒంటిబండిని నిలిపి వదులులేకుండ బిగించినచో, బస్తాయు ముగ్గురు మనుష్యులును ఎక్కి గుంటలో పడినపుడు గొలుసు ఎక్కడికి పోగలదు? గేరుపెట్టె బేరింగులను లాగి పాడుచేయును, లేదా తెగును.

మరీ వదులైనదియు కీడే. పండ్లమీదినుండి జారి ఇరుసునకును చక్రమునకును నడుమ ఇరుకుకొనిన, పరుగుమీదనున్న వెనుకచక్రము ఒక్కసారి నిలిచిపోవును. దేవరకొండ త్రోవలోని లారీల నడుమ అట్లు జరిగిన నేమగునో వ్రాయనక్కఱలేదు.

దూరప్రయాణమునకు ముందుదినమున గొలుసును ఒకేచోట గాక నాలుగైదుచోట్ల ఆడించి చూడవలెను. అరుగుదల సమముగా లేనిచో ఒకచోట బిగువు, వేఱొకచోట వదులు కనబడును. మిక్కిలి బిగువైన చోటును బట్టియే సరిచేయవలెను. వెనుక ఇరుసునకు ఇరువైపుల గీతలు సమానముగా నున్నవో లేదో చూడవలెను, లేనిచో చక్రము వంకరగా నిలిచి స్ప్రాకెట్టు పండ్లను ప్రక్కనుండి కోయును. ఇరుసు నట్టు తుదకు గట్టిగా బిగించుట మఱవరాదు. దారిలో వెంట నుంచుకొనవలసినవి కొలదియే: చిన్న సీసాలో నూనె, పాత గుడ్డ, ఇరుసు నట్టునకు సరిపడు స్పానరు, అదనపు చైనులాకు ఒకటి. ఈ లాకునకు పైనుండు చేపయాకారపు రేకుక్లిప్పు మూసియున్న కొన గొలుసు పరుగెత్తు దిక్కునకును, చీలిన కొన వెనుకకును ఉండవలెను. త్రిప్పి పెట్టినయెడల దారిలోని పుల్లయో ముల్లో తగిలి చీలిక తెఱచుకొని క్లిప్పు ఊడిపోవును. షెడ్డునుండి బండి తెచ్చుకొనునపుడు వంగి యొకసారి దానిని చూచుకొనుటకు అరనిమిషము చాలును.