లెక్క చెప్పాక ‘ఆఫ్’ పెట్టాలా, వద్దా?

“మీ ఊరి గురించి రెండు మాటలు చెప్పండి.” ఇంటర్వ్యూ బోర్డులో ఈ ప్రశ్న రాగానే సిరిసిల్ల అబ్బాయి అందుకుంటాడు: ‘మోస్ట్ ఆఫ్ పీపుల్ ఇన్ సిరిసిల్ల ఆర్ వీవర్స్.’ కోరుట్ల అమ్మాయి ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్ ఇన్ దుబాయ్’ అంటుంది. జగిత్యాల నుంచి వచ్చినవారు చల్‌గల్ మార్కెట్ గురించి చెబుతూ ‘హండ్రెడ్స్ మ్యాంగో లారీస్’ అనేస్తారు. వాళ్లు ఏం చెప్పదలచుకున్నారో అందరికీ అర్థమవుతుంది. తప్పంతా లెక్క చెప్పే మాట దగ్గర, దాని పక్కన రావాల్సిన చిన్న మాట దగ్గర జరుగుతోంది.

ఇంటర్వ్యూలో ఇలాంటిది చూసీచూడనట్టు వదిలేయవచ్చు. రాత పరీక్షలో వదలరు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్ ప్రశ్నలు 25, వాటికి 50 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు కోత. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నల్లో 30 ఇంగ్లిష్‌వే, చేతిలో ఉండేది 20 నిమిషాలు. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ‘ఆఫ్’ తర్వాత ‘ద’ తీసేయడం, ‘వన్ ఆఫ్’ పక్కన ఏకవచనం పెట్టడం పేపర్ తయారుచేసేవాళ్లకు బాగా అలవాటైన ఎత్తులు.

కోచింగ్ నోట్సుల్లో దీనికి పేజీల కొద్దీ రూల్స్ ఉంటాయి. వాటిని బట్టీ పట్టడం వల్ల మన విద్యార్థులకు పెద్దగా ఒరిగిందేమీ లేదని నా నమ్మకం. ఎందుకంటే ఈ తేడా మనకు కొత్తది కాదు, తెలుగులో రోజూ పాటిస్తున్నదే. ‘చాలామంది విద్యార్థులు ఉద్యోగాలు వెతుకుతున్నారు’ అన్నప్పుడు ఏ కాలేజీ, ఏ ఊరు అన్న హద్దు లేదు. ‘మా కాలేజీ విద్యార్థుల్లో చాలామంది’ అనగానే ఒక గుంపు కళ్ల ముందుకొచ్చింది, అందులోంచి కొందరిని తీస్తున్నాం. మొదటిది ఇంగ్లిష్‌లో ‘మెనీ స్టూడెంట్స్’. రెండోది ‘మెనీ ఆఫ్ ద స్టూడెంట్స్ ఇన్ అవర్ కాలేజ్’. తెలుగు వాక్యంలో ‘ల్లో’ వచ్చిందంటే ఇంగ్లిష్‌లో ‘ఆఫ్’ రావాలి. అక్కడ గుంపు ఏదో తెలియాలి కనుక ఆ వెంటే ‘ద’, ‘మై’, ‘దీజ్’, ‘దోజ్’ లాంటి మాట ఒకటి ఉండాలి. ‘ల్లో’ లేకపోతే ‘ఆఫ్’ కూడా లేదు.

పైన చెప్పిన సిరిసిల్ల వాక్యాన్ని దీంతో సరిచూడండి. ‘మోస్ట్ పీపుల్ ఇన్ సిరిసిల్ల’ సరైనదే, ‘మోస్ట్ ఆఫ్ ద పీపుల్ ఇన్ సిరిసిల్ల’ కూడా సరైనదే. రెండింటికీ మధ్య వేలాడే ‘మోస్ట్ ఆఫ్ పీపుల్’ మాత్రమే తప్పు. రూల్‌ను గుడ్డిగా పట్టుకున్నవాళ్లు ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. ‘మోస్ట్ ఆఫ్ సిరిసిల్ల’ కనబడగానే ‘ద’ లేదని తప్పు పెట్టేస్తారు. ఊరి పేరు తనంతట తానే ఫలానా ఊరని చెబుతోంది కదా, దానికి ‘ద’ అక్కర్లేదు. ‘మోస్ట్ ఆఫ్ తెలంగాణ’ కూడా అంతే.

‘ల్లో’ను చూసి మనవాళ్లు చేసే తప్పు మరొకటుంది. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అనే మాటను మక్కీకి మక్కీ దింపి ‘వన్ ఇన్ మై ఫ్రెండ్స్’ అంటారు. గుంపులోంచి తీసి చెప్పే చోట ‘ఇన్’ పనికిరాదు, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ అనాలి. తెలుగులో ‘స్నేహితుల్లో’ అని బహువచనమే వాడుతున్నాం, ఇంగ్లిష్‌కు వచ్చేసరికి దాన్ని ఎందుకు వదిలేయాలి? ఆ స్నేహితుడు ఒక్కడే కాబట్టి క్రియ మాత్రం ఏకవచనం: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఇన్ దుబాయ్.’ ‘ఈచ్ ఆఫ్ ద లూమ్స్’ తర్వాత కూడా ‘ఈజ్’ వస్తుంది.

గుంపును ‘అస్’, ‘దెమ్’, ‘యూ’ అని సర్వనామంతో చెబితే ‘ఆఫ్’ తప్పనిసరి: ‘సమ్ ఆఫ్ అస్’, ‘ఆల్ ఆఫ్ దెమ్’. ‘ఆల్’, ‘బోత్’, ‘హాఫ్’ అనే మూడింటికి కొంచెం వెసులుబాటు ఉంది. నామవాచకం ముందు అవి ‘ఆఫ్’ లేకుండా కూడా నిలబడతాయి: ‘ఆల్ మై ఫ్రెండ్స్’, ‘హాఫ్ ద లూమ్స్’. ‘ఎ లాట్ ఆఫ్’, ‘ప్లెంటీ ఆఫ్’, ‘ఎ కపుల్ ఆఫ్’ వేరే జాతి. వాటికి ‘ఆఫ్’ పుట్టుకతోనే అతుక్కుని ఉంది, పక్కన ‘ద’ లేకపోయినా తప్పు కాదు. ‘ఎ నంబర్ ఆఫ్’ కూడా ఇందులోదే, దాని అర్థం ‘చాలా’ కనుక బహువచన క్రియ వస్తుంది. ‘ద నంబర్ ఆఫ్’ అంటే ‘సంఖ్య’, దానికి ఏకవచనం. ‘ఎ నంబర్ ఆఫ్ వర్కర్స్ ఆర్’, ‘ద నంబర్ ఆఫ్ వర్కర్స్ ఈజ్’. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఈ జంటను మరిచిపోకూడదు.

ఇక అంకెల సంగతి. ఇది నేర్చుకోవడానికి మన మూడు ఊళ్లకు మించిన పాఠ్యపుస్తకం లేదు. సిరిసిల్లలో సాంచాలను లెక్కపెట్టేటప్పుడు కచ్చితమైన అంకె తెలిస్తే ‘టూ హండ్రెడ్ లూమ్స్’ అనాలి. ‘హండ్రెడ్’కు ‘ఎస్’ లేదు, పక్కన ‘ఆఫ్’ లేదు. వందలాదిగా ఉన్నాయని ఉజ్జాయింపుగా చెబితే రెండూ వస్తాయి: ‘హండ్రెడ్స్ ఆఫ్ లూమ్స్’. కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో అమ్మలు చుట్టే బీడీలకూ ఇదే పద్ధతి: ‘ఎ థౌజండ్ బీడీస్’, ‘థౌజండ్స్ ఆఫ్ బీడీస్’. మామిడికాయలు ‘టూ డజన్ మ్యాంగోస్’ అవుతాయి, లేదంటే ‘డజన్స్ ఆఫ్ మ్యాంగోస్’. ‘టూ లాక్ రుపీస్’, ‘లాక్స్ ఆఫ్ రుపీస్’ కూడా ఈ వరసలోవే.

కొలతకు మాత్రం కచ్చితమైన అంకె ఉన్నా ‘ఆఫ్’ కావాలి. పసుపును ‘టూ కిలోస్ ఆఫ్ టర్మరిక్’ అంటాం, బట్టను ‘సిక్స్ మీటర్స్ ఆఫ్ క్లాత్’ అంటాం. అదే కొలతను చీరకు విశేషణంగా ముందు పెడితే ‘ఎస్’ పోతుంది, ‘ఆఫ్’ పోతుంది: ‘ఎ సిక్స్-మీటర్ సారీ’. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్లకు వచ్చినప్పటి నుంచి ఊళ్లో మీటర్ల లెక్క వినని ఇల్లు ఉండదు. నేత కూలీ మీటరుకు ఇంత అని కడతారు, దాన్ని ‘పెయిడ్ బై ద మీటర్’ అంటారు. మామిడి ‘సోల్డ్ బై ద కిలో’. బీడీ కూలీకి ‘పర్ థౌజండ్’ అంటే చాలు. మీ ఇంటి పని గురించి ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ‘మై మదర్ రోల్స్ బీడీస్ అండ్ ఈజ్ పెయిడ్ పర్ థౌజండ్’ అని నిబ్బరంగా చెప్పండి. కూలీ లెక్కతో సహా చెప్పిన ఆ వాక్యం బట్టీ పట్టిన పది స్వపరిచయాల కంటే బరువైనది.

దరఖాస్తు లేఖల్లో పనికొచ్చే కూర్పు ఇంకొకటి. ‘ఐ ట్రెయిన్డ్ ట్వెల్వ్ వర్కర్స్, మోస్ట్ ఆఫ్ దెమ్ వర్ విమెన్’ అని రాస్తే రెండు వాక్యాలను కామాతో అతికించినట్టు అవుతుంది. ‘మోస్ట్ ఆఫ్ హూమ్ వర్ విమెన్’ అనాలి. మనుషులకు ‘హూమ్’, వస్తువులకు ‘విచ్’.

ఏది సరైనదో అనుమానం వస్తే పక్కవాడిని అడగడం కంటే వాడుకను చూడటం మేలు. 1987లో వచ్చిన కొలిన్స్ కోబిల్డ్ డిక్షనరీని జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లిష్‌ను కంప్యూటర్లో పోగుచేసి తయారుచేశారు. తర్వాత బ్రిటిష్ నేషనల్ కార్పస్ 10 కోట్ల మాటలతో సిద్ధమైంది. ఇలాంటి భాండాగారాల్లో ‘మోస్ట్ ఆఫ్ ద టైమ్’ అని కొడితే వాక్యాలు వరదలా వస్తాయి. మనం తరచూ వాడే ‘మోస్ట్ ఆఫ్ ద టైమ్స్’ అరుదుగా తగులుతుంది. ఫోన్లో మంచి డిక్షనరీ తెరిచి, అర్థం చూసి మూసేయకుండా కింది ఉదాహరణ వాక్యాలు చదివినా సగం పని అయిపోతుంది.

తెలుగు మీడియంలో చదివాం, మాకిది రాదు అనుకునేవాళ్లకు ఒక మాట. సిరిసిల్ల పక్కన హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మీడియంలో. చదివిన మీడియం అడ్డం కాలేదు, ఆయనే ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడయ్యారు, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.

ఉద్యోగ పరీక్షలు రాయనివాళ్లకు కూడా అంకె పక్కన వచ్చే ఇలాంటి చిన్న మాటలతో పని పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో గల్ఫ్ అగ్రిమెంట్ చూడని కుటుంబాలు తక్కువ. జీతం 1,000 దిర్హమ్‌లు అనుకుందాం. ఏడాది తర్వాత ‘ఇంక్రీజ్డ్ బై 200’ అంటే 200 కలుస్తాయి, 1,200 అవుతుంది. ‘ఇంక్రీజ్డ్ టు 1,200’ అన్నా చేతికొచ్చేది అంతే. ‘మే బి ఇంక్రీజ్డ్ అప్ టు 1,200’ అని ఉంటే మాత్రం 1,200 దాటదని అర్థం. 1,050 ఇచ్చినా, అసలు పెంచకపోయినా ఆ వాక్యం ప్రకారం కంపెనీది తప్పు కాదు. తిండి ఖర్చు ‘అప్ టు 300’, ఓవర్‌టైమ్ ‘అప్ టు టూ అవర్స్’ అన్నవీ గరిష్ఠ పరిమితులే. అంతకు తగ్గకుండా ఇస్తామని మాటివ్వాలంటే ‘ఎట్ లీస్ట్’ అని ఉండాలి. రూమ్ అద్దె ‘డిడక్టెడ్ ఫ్రమ్ ద సాలరీ’ అని కనబడితే అది జీతంలోంచే కోస్తారు.

మీ ఇంట్లోనో, వాడకట్టులోనో గల్ఫ్‌కు వెళ్లబోయే అన్న ఉంటే, సంతకం పెట్టకముందే ఆ కాగితం అడిగి తీసుకుని చదవండి. అంకె ఉన్న ప్రతి లైను కింద గీత గీసి, దాని ముందున్న చిన్న మాట ‘బై’నా, ‘టు’నా, ‘అప్ టు’నా అన్నది ఆయనకు తెలుగులో చెప్పండి. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసిపెట్టండి. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ సంస్థ హైదరాబాద్‌లో ఉంది, అనుమానం ఉన్న లైను ఏదైనా ఉంటే సంతకానికి ముందే అక్కడ అడిగించండి.