సంగీత ఘోషలో వాకిటి గంట

పండుగ దినములలోను, పాటల అభ్యాస సమయములలోను మన యిండ్లలో సంగీతము బిగ్గరగా మ్రోగుచుండును. అపుడు వాకిట నిలిచినవారు గంట మీటను ఎన్ని మారులు నొక్కినను లోపలివారికి వినబడదు. వచ్చినవారు చుట్టపుచూపుగా వచ్చినవారైనచో మరల రావచ్చును. ఇరుగింట ప్రాణాపాయము కలిగి సహాయమునకై వచ్చినవారైనచో ఆ యాలస్యము తీరని చేటు తెచ్చును. కావున విద్యార్థులు స్వయముగా చేయదగిన యొక ఉపాయమును ఇచ్చట వివరించెదము.

మొదట కారణము నెఱుగుదము. పట్టపగటి యెండలో చిన్న దీపము కానరానట్లే, పెద్ద ధ్వనిలో చిన్న ధ్వని మఱుగుపడును. మృదంగము మొదలగువాని మంద్రధ్వనులు బలముగా నున్నపుడు, తమకంటె కీచుగా పలుకు ధ్వనులను సైతము కప్పివేయును. గంట ధ్వనిని ఇంకను హెచ్చించుట చెవులకు మంచిది కాదు. మఱి చేయవలసిన దేమి? కంటికి గుర్తు చూపుట యొకటి, సంగీతమునే క్షణకాలము ఆపుట రెండవది.

1831లో అమెరికా దేశమందు ఆల్బనీ అకాడెమీలో ఉపాధ్యాయుడైన జోసెఫ్ హెన్రీ, ఒక మైలుకు మించిన తీగను గదిచుట్టును త్రిప్పి, విద్యుదయస్కాంతముచే గంటను మ్రోగించెను. మనము వాడు రిలే యందలి సూత్రమును ఇదియే. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంతశక్తి పుట్టి, యినుపరేకును లాగి, వేఱొక తీగమార్గమును తెఱచును, లేక మూయును.

కావలసిన వస్తువులు: 1.5 వోల్టుల సెల్లులు 4, నొక్కుడు మీట, 6 వోల్టుల బజరు, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపము, 270 ఓముల నిరోధకము, 6 వోల్టుల రిలే, డయోడు ఒకటి.

సెల్లులను వరుసగా కలిపినచో 6 వోల్టులగును. మీటకు పిమ్మట మార్గమును మూడు సమాంతర శాఖలుగా చీల్చవలెను. మొదటి దానిలో బజరు, రెండవ దానిలో నిరోధకముతో కూడిన దీపము, మూడవ దానిలో రిలే చుట్ట యుండవలెను. దీపము సుమారు 2 వోల్టులు గ్రహించును. తక్కిన 4 వోల్టులను 270చే భాగించినచో దాదాపు 15 మిల్లీయాంపియరులు వచ్చును. ఇది దీపమునకు తగిన ప్రవాహము. మీటను విడిచినపుడు చుట్టలో ఎదురు వోల్టేజి పుట్టును గనుక, డయోడును చుట్టకు అడ్డముగా, గీతగల కొన ధనధ్రువమువైపు ఉండునట్లు కలుపవలెను.

సంగీతయంత్రము నాపి, లౌడుస్పీకరునకు పోవు రెండు తీగలలో ఒకదానిని త్రెంచి, ఆ కొనలను రిలేయొక్క సామాన్యపు కొనకును, విశ్రాంతిలో మూసియుండు కొనకును చేర్చవలెను. మీట నొక్కగానే స్పీకరు మూగవోవును, బజరు వినబడును, దీపము వెలుగును. స్పీకరులు రెండైనచో రెండు జతల కొనలుగల రిలే కావలెను.

రెండు హెచ్చరికలు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును పిల్లలు ఎంతమాత్రము ముట్టరాదు. పాతకాలపు వాల్వు యంత్రముల స్పీకరు తీగను త్రెంచరాదు; అట్లు చేసినచో యంత్రము చెడవచ్చును. అట్టి యిండ్లలో దీపమును బజరును చాలును.

వినికిడి తగ్గిన వృద్ధులున్న గృహములకు ఈ దీపము సంగీతము లేనపుడును మేలుచేయును. వారు కూర్చుండు చోటికి ఎదురుగా దానిని అమర్చవలెను. అర్ధరాత్రి రొట్టెలకై పొరుగింటి తలుపు తట్టిన స్నేహితుని ఉపమానమును మనము బడిలో చదివితిమి. తట్టువాని మొఱ లోపలివారి చెవిని చేరునట్లు చేయుట కూడ పొరుగువాని యెడల చూపదగిన ప్రేమయే. విద్యార్థులారా, రాబోవు సెలవులలో మీ వీధిలోని యొక వృద్ధుని యింట దీనిని అమర్చి చూడుడు.