తెర వెనుక తాడు పట్టినవారు – సురభి రంగాలంకరణపై ఒక పరిశీలన



నాటకం చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుణ్ణి ఆపి అడగండి. నాయక పాత్ర వేసినదెవరో చెబుతాడు. పద్యం బాగా పాడినదెవరో చెబుతాడు. కాస్త ఆసక్తి ఉన్నవాడైతే దర్శకుడి పేరు కూడా చెబుతాడు. కాని అంతసేపూ తన కళ్ళెదుట నిలబడిన ఆ కోటనో, ఆ పెంకుటింటినో కట్టినవాడి పేరు చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు. తప్పు అతనిది కాదు. మనం అచ్చువేసే కరపత్రాల్లోనే ఆ పేరుకి చిట్టచివరి వరుస. ఒక్కోసారి అదీ ఉండదు.

మన కళాశాల నాటక సంఘం పనులు కొన్నేళ్ళుగా చూస్తున్నవాణ్ణి గనుక, రంగాలంకరణ గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. రంగాలంకరణ అంటే రంగస్థలానికి చేసే ముస్తాబు కాదు. నటన ఎలా క్షణక్షణం జరిగే పనో, అదీ అలాగే జరిగే పని. ఆ పని క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు మన తెలుగునాట ఇంకా ఉన్నారు. వాళ్ళుండగానే మనం నేర్చుకోవాలి.

పేరు దక్కిన శిల్పులు

ఇతర చోట్ల ఈ వృత్తికి పేరూ ప్రతిష్ఠా లేకపోలేదు. కలకత్తాలో శంభు మిత్ర బృందం ‘బహురూపి’ 1954లో రవీంద్రుని ‘రక్తకరబి’ని ప్రదర్శించినప్పుడు, దానికి రంగాలంకరణ చేసిన ఖాలెద్ చౌదురి పేరు నాటకంతోపాటే నిలిచిపోయింది. ఆయనకు 2012లో పద్మభూషణ్ పురస్కారం వచ్చింది. చెకొస్లొవేకియాలో యోసెఫ్ స్వొబొద (1920–2002) మొదట వడ్రంగం నేర్చుకుని, ఆ తర్వాత వాస్తుశిల్పం చదివినవాడు. ప్రాగ్ నగరంలోని జాతీయ నాటకశాలలో పనిచేస్తూ, దేశదేశాల్లో వందలాది నాటకాలకు రంగాలంకరణ చేశాడు. వెలుగునే గోడగా, మెట్లుగా వాడవచ్చునని చూపించాడు.

మరి మన సంగతేమిటి? మనకు అలాంటి శిల్పులు లేరా అంటే, ఉన్నారు. అయితే మన దగ్గర ఆ శిల్పి ఒక వ్యక్తి కాదు, ఒక కుటుంబం. ఆ కుటుంబం పేరు సురభి.

తోలుబొమ్మ నుంచి మనిషి దాకా

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వంశీయులు ‘కీచక వధ’ నాటకం ఆడారు. అక్కడి నుంచే ఆ సమాజానికి ఊరి పేరు స్థిరపడింది. (మన గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైంది కూడా ఆ సంవత్సరమే. చదువూ నాటకమూ ఒకే ఏడాది పుట్టాయని సరదాకి అనుకోవచ్చు.) వనారసవారు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడేవారు. ఈ విషయాన్ని చరిత్రకారులు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. నా ఉద్దేశంలో అసలు కీలకం అక్కడే ఉంది.

తోలుబొమ్మలాటలో ఏముంది? ఒక తెల్లటి తెర, వెనుక దీపం, చేతిలో పుల్లలు. హనుమంతుడు సముద్రం దాటాలంటే బొమ్మ ఎగరాలి. రావణుడి తల తెగాలంటే తెగాలి. ఆడించేవాడు కనబడకూడదు. ఈ విద్య తెలిసినవాళ్ళు మనుషులతో నాటకం ఆడటానికి దిగినప్పుడు, బొమ్మను ఎగరేసిన చేతులే మనిషిని ఎగరేయటానికి పూనుకున్నాయి.

దీనికి తోడు మరో ప్రభావం కలిసింది. బొంబాయి పార్శీ నాటక కంపెనీలు రంగుల తెరలు, పక్క వింగులు, పై ఝాలర్లు అనే పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేశాయి. 1880లో ధార్వాడ సమాజంవారు మన ప్రాంతాల్లో ప్రదర్శనలిచ్చిన తర్వాత తెలుగువారికీ నాటకాల మీద మోజు పెరిగింది. తెరమీద అడవి, దర్బారు, ఉద్యానవనం, వీధి చిత్రించుకుని, వాటిని వెదురు బొంగులకు చుట్టుకుని, బండ్ల మీద ఊరూరా తిప్పే వృత్తి అలా మొదలైంది. ఆ పద్ధతిని తోలుబొమ్మలవాళ్ళ ఒడుపుతో కలిపినవారు సురభివారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించటం, ఇంటిల్లిపాదీ నాటకంలోనే బతకటం వారి మరో విశేషం.

బాబ్జీగారు

రేకందార్ నాగేశ్వరరావుగారంటే చాలామందికి తెలియకపోవచ్చు. సురభి బాబ్జీ అంటే నాటకప్రియులందరికీ తెలుసు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి (సురభి)ని దశాబ్దాలపాటు నడిపిన పెద్ద ఆయన. నటుడు, దర్శకుడు, నిర్వాహకుడు. సినిమా, ఆ తర్వాత టెలివిజన్ వచ్చి నాటకాల హాళ్ళు ఖాళీ అవుతున్న కాలంలో ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’, ‘భక్త ప్రహ్లాద’, ‘శ్రీకృష్ణ లీలలు’ వంటి నాటకాలను అదే హంగుతో ఆడించి నిలబెట్టారు. 1990ల్లో ప్రఖ్యాత దర్శకుడు బి.వి.కారంత్ సురభివారితో కలిసి పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలు చేయించారు. ఇందులో చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు అనుసరణ. బాబ్జీగారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2013లో పద్మశ్రీ వచ్చాయి. 2022లో ఆయన కన్నుమూశారు.

ఆయనను రంగాలంకరణ శిల్పి అని ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదు. సురభిలో ఆ పేరుతో వేరే ఉద్యోగమే ఉండదు. ఒక రంగంలో రాజు వేషం వేసినవాడు తర్వాతి రంగంలో కప్పీ తాడు లాగుతాడు. అమ్మ రంగస్థలం మీద పద్యం పాడుతుంటే కొడుకు వింగు పక్కన దీపం చూసుకుంటాడు. ఇందరి పనినీ ఒక్క క్షణానికి ముడివేయటమే సమాజం పెద్ద చేసే పని. కాబట్టి ఆయనకొచ్చిన పురస్కారాల్లో తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉందని నేను నమ్ముతాను.

వింగు పక్కన నిలబడి చూస్తే

సురభివారి ‘మాయాబజార్’ నేను ముందు కూర్చుని చూశాను, అనుమతి అడిగి వింగు పక్కన నిలబడీ చూశాను. ముందు నుంచి చూస్తే మాయ. పక్క నుంచి చూస్తే లెక్క. ఆ లెక్కలో నాకు మూడు సూత్రాలు కనిపించాయి.

మొదటిది వేళ. ఒక రంగం ముందు తెర మీద, అంటే వీధి తెర ఎదుట, రెండడుగుల జాగాలో జరుగుతుంటుంది. ఇద్దరు పాత్రలు మాట్లాడుకుంటుంటారు. ఆ మాటలు జరిగేంతలో వెనుక దర్బారు సిద్ధమవుతుంది. వీధి తెర లేచేసరికి సింహాసనం, స్తంభాలు, ఛత్ర చామరాలు! ప్రేక్షకుడు ఎదురుచూడవలసిన పనే లేదు. అంటే నాటకం రాసేటప్పుడే చిన్న రంగం, పెద్ద రంగం ఒకదాని తర్వాత ఒకటి వచ్చేటట్లు చూసుకోవాలి. రంగాలంకరణ ఎంత లోతుగా నాటకం కూర్పులోకే వెళ్ళిందో చూడండి.

రెండవది బరువు. నారదుడు మబ్బుల్లోంచి దిగాలి. తాడుకి ఒక కొసన మనిషి, మధ్యన కప్పీ, రెండో కొసన లాగే మనుషులు. మన పల్లెల్లో బావి గిలక మీద చేద తోడటం ఎరిగినవాళ్ళకు ఈ సూత్రం కొత్త కాదు. అయితే చేద జారితే నీళ్ళే పోతాయి, ఇక్కడ ప్రాణం ఉంది. అందుకని ఎవరు ఏ తాడు దగ్గర ఉండాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

మూడవది చూపు. బాణాలు ఎదురెదురుగా వచ్చి గాలిలో ఢీకొంటాయి. తీగ ఉన్నదని తెలిసినా కనబడదు, ఎందుకంటే వెనుక తెర ముదురు రంగు. భళ్ళున ఒక మెరుపు, పొగ, వెనుక నుంచి చప్పుడు. ఆ అరక్షణంలో జరగవలసిన మార్పు జరిగిపోతుంది. చూపు ఎక్కడికి పోవాలో ముందే ఏర్పాటు చేయటమే ఇందులోని విద్య.

వేళ, బరువు, చూపు. ఈ మూడూ లేకుండా ఎంత ఖరీదైన సెట్టింగు వేసినా అది పెళ్ళిపందిరే అవుతుంది గాని రంగస్థలం కాదు.

మన నేల మీద

ఇదంతా పౌరాణిక నాటకాలకు సరే, మన సాంఘిక నాటికలకు పనికొస్తుందా అని మీరడగవచ్చు. తప్పకుండా పనికొస్తుంది.

నాటక పరిషత్తులకు మన ప్రాంతం పెట్టింది పేరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. పరిషత్తు పోటీల్లో ఒక నాటిక ముగిసి మరొకటి మొదలయ్యే లోపు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో పాత ఇల్లు విప్పి కొత్త ఇల్లు కట్టాలి. ఇది సురభివారి మొదటి సూత్రం కాక మరేమిటి?

సామగ్రికి మనకు కొదవ లేదు. సర్వి బాదులతో చట్రం కట్టి, కోరా గుడ్డ బిగించి, సుద్దలో వజ్రం జిగురు కలిపి పూతవేస్తే గోడ సిద్ధం. ఆరిన తర్వాత రంగు పడుతుంది, విప్పితే చాపచుట్టలా లారీలో పడుతుంది. గోనెపట్టా మీద మట్టిరంగు పులిమితే పాత గోడ అయిపోతుంది. మిర్చి యార్డున్న ఊళ్ళో గోనెపట్టా దొరకదంటే ఎవరు నమ్ముతారు?

ఒక ఉదాహరణ చెబుతాను. తెల్లదోమ దెబ్బకు పంటలు పోయి, అప్పులపాలై, 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కథను మీరు నాటిక చేస్తున్నారనుకోండి. వెనుక తెర మీద గుడిసె, కొబ్బరిచెట్టు, సూర్యోదయం బొమ్మ వేయిస్తారా? వద్దు. ఒక పక్క పురుగుమందు డబ్బాల వరుస, మరో పక్క కాటా, మధ్యలో నులకమంచం. మొదటి రంగంలో కాటా పక్కన పత్తి బోరాలు గుట్టగా ఉంటాయి. రంగం రంగానికీ ఒక్కొక్కటే తగ్గుతుంది, డబ్బాలు పెరుగుతాయి. చివరికి కాటా ఖాళీగా ఊగుతుంటుంది. ఒక్క మాట అక్కర్లేదు. వస్తువు కదలింది, కథ చెప్పింది. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి పల్లెపల్లెకూ తీసుకెళ్ళింది రంగుల దర్బార్ల బలంతో కాదు. తక్కువ సామానుతోనూ మంచి రంగాలంకరణ సాధ్యమే. ఆలోచన లేకుండా మాత్రం అసాధ్యం.

ఇప్పుడేం చేయాలి?

ఈమధ్య పోటీల్లో రంగస్థలం వెనుక ఎల్.ఇ.డి. తెర పెట్టి, అందులో మేడలూ సముద్రాలూ చూపించటం ఎక్కువైంది. కొత్త సాధనాన్ని కాదనే ఛాందసుణ్ణి కాను నేను. స్వొబొద కూడా సినిమా బొమ్మను నాటకంలో వాడినవాడే. కాని ఆయన ఆ బొమ్మకూ నటుడికీ సంబంధం కలిపాడు. మనవాళ్ళు బొమ్మను వెనుక వదిలేసి ముందు నిలబడి మాట్లాడుతున్నారు. వెలుగంతా తెరదే, నటుడి ముఖం చీకట్లో. ఇదేం న్యాయం?

అంతకంటే పెద్ద భయం మరొకటుంది. సురభివారి విద్య పుస్తకాల్లో లేదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు కొద్దింటికి వచ్చాయి. కొత్త తరం పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు వెళుతున్నారు. వెళ్ళాలి కూడా, కళకోసం పస్తులుండమని వారికి చెప్పే హక్కు మనకు లేదు. కాని ఒక పెద్దాయన వెళ్ళిపోయిన ప్రతిసారీ ఆయనతోపాటు ఒక తాడు ముడి కూడా మాయమైపోతోంది.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నా సూచనలు మూడు. ఒకటి, ఇంజనీరింగు, చిత్రలేఖనం, తెలుగు విద్యార్థులు కలిసి ఒక బృందంగా వేసవి సెలవుల్లో హైదరాబాదు శివారు లింగంపల్లిలోని సురభి కాలనీకి వెళ్ళాలి. తెరల కొలతలు, కప్పీల అమరిక, రంగుల తయారీ బొమ్మలు గీసి రాసుకురావాలి. అయితే ఒక్కమాట. ఆ మాయల రహస్యాలు వాళ్ళ కూడు. వాళ్ళు చెప్పదలచుకున్నదే రాయాలి, వాళ్ళ అంగీకారం లేనిదే బయటపెట్టకూడదు, చెప్పినందుకు గౌరవ వేతనం ఇవ్వాలి. రెండు, నాటకం ఖర్చు పద్దులో రంగాలంకరణకు మిగిలిన డబ్బు కాకుండా మొదటే కొంత కేటాయించాలి. మూడు, వచ్చే ఏడాది కరపత్రంలో నటుల పేర్ల పక్కనే, అదే అక్షరం సైజులో, చట్రం కట్టినవారి పేర్లూ తెర లాగినవారి పేర్లూ అచ్చువేయాలి.

మూడోదానికి పైసా ఖర్చు లేదు. మీలో ఎవరైనా ఈ పనికి ముందుకొస్తే, సాయంత్రం ఐదు తర్వాత నాటక సంఘం గదిలో నన్ను కలవండి. సర్వి బాదులు, కోరా గుడ్డ తెప్పించే పూచీ నాది.