డాలరు మీద ఆకురాయి గీతలు

నాణెం చేతికి రాగానే మనం చూసేది దాని మీది అంకె ఒక్కటే. ఐదు రూపాయలదో పది రూపాయలదో చూసి జేబులో వేసుకుంటాం. ఆ బొమ్మను ఎవరు చెక్కారు, బిళ్లను ఎవరు తూచారు అన్న ప్రశ్న మనకు రాదు. చరిత్ర చదివేవారికి మాత్రం నాణెం ఒక శాసనం లాంటిది. ప్రభుత్వం చెప్పదలచుకున్నది దాని మీద ఉంటుంది. దాన్ని తయారు చేసిన పనివాళ్లు తెలియకుండా వదిలిపోయిన గుర్తులు కూడా ఉంటాయి. ఈ రెండో రకం గుర్తుల కోసమే జీవితకాలం వెచ్చించే సేకరణకర్తలు కొందరున్నారు. వారు ఇష్టపడేవి అమెరికా తొలినాటి ‘బస్ట్’ నాణేలు. బస్ట్ అంటే తల నుంచి ఛాతీ పైభాగం వరకు ఉండే ప్రతిమ. మిత్రులారా, ఆ నాణేలను ఎలా చదవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఆ ప్రతిమ ఎవరిదో తెలుసుకోవాలి. అమెరికా టంకశాలను 1792 ఏప్రిల్ 2 నాటి చట్టంతో ఫిలడెల్ఫియా నగరంలో నెలకొల్పారు. చట్టం ముసాయిదా సెనేట్‌లో తయారైనప్పుడు నాణెం మీద అధ్యక్షుడి తల ఉండాలని రాశారు. అప్పటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. ప్రతినిధుల సభ దీన్ని ఒప్పుకోలేదు. పాలకుడి ముఖం డబ్బు మీద వేయడం రాజుల అలవాటని, రాజును వదిలించుకున్న దేశానికి అది తగదని వాదించింది. చివరికి ఆ సభ మాటే నెగ్గింది. బొమ్మ వైపు స్వేచ్ఛకు చిహ్నం, ‘లిబర్టీ’ అనే మాట, సంవత్సరం ఉండాలనీ, వెండి బంగారు నాణేల బొరుసు వైపు గద్ద ఉండాలనీ చట్టం చెప్పింది. ఆ విధంగా స్వేచ్ఛాదేవి అనే ఒక ఊహా స్త్రీ నాణెం ఎక్కింది.

డాలరు తూకాన్ని మాత్రం కొత్తగా ఊహించలేదు. అప్పట్లో అమెరికా బజార్లలో నడిచింది స్పానిష్ డాలరు. మెక్సికో, పెరూ గనుల వెండితో పోసిన ఆ నాణేన్నే కొలతగా తీసుకొని కొత్త డాలరు బరువు నిర్ణయించారు. ఫిలడెల్ఫియా టంకశాలకు చేరిన వెండిలో చాలా భాగం కూడా కరిగించిన విదేశీ నాణేలే. ఇదే స్పానిష్ డాలరు సముద్రం మీద మన మద్రాసుకూ వచ్చేది. 1807-08 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాల ఆ డాలర్ల మీదనే తన అచ్చు గుద్ది అరవరహా వెండి నాణేలు తీసింది. వాటి మీద ఇంగ్లీషు, పర్షియన్, తమిళ లిపులతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. అంటే ఒకే గని వెండి ఒక చోట స్వేచ్ఛాదేవి ముఖంగానూ, మరో చోట తెలుగు అక్షరంగానూ మారింది.

ఇక తయారీ విషయానికి వద్దాం. అసలు రుచి ఇక్కడే ఉంది. 1794లో మొదటి డాలర్లు వచ్చాయి. అచ్చులు చెక్కినవాడు రాబర్ట్ స్కాట్. వీటి మీద స్వేచ్ఛాదేవి జుట్టు విరబోసుకొని ఉంటుంది. ఆ ఏడాది అక్టోబరు 15న టంకశాల అప్పగించిన డాలర్లు 1,758 మాత్రమే. అంత పెద్ద బిళ్లను గట్టిగా నొక్కే శక్తి అప్పటి యంత్రానికి లేదు. అందువల్ల చాలా నాణేల మీద ఒక పక్క నక్షత్రాలు మసకగా పడ్డాయి.

అచ్చు వేయక ముందే ప్రతి వెండి బిళ్లనూ తూచేవారు. తూకం తగ్గితే బిళ్ల మళ్లీ కొలిమికి పోవాలి. ఎక్కువైతే కంసాలి చేసినట్టే ఆకురాయితో కొంచెం రాకేవారు. 1795 నాటి కొన్ని డాలర్లలోనైతే తక్కువైన బరువును పూడ్చడానికి నడుమ చిన్న వెండి ముక్కను బిగించారు. యంత్రం బలహీనం కాబట్టి ఆకురాయి గీతలు అచ్చు కింద పూర్తిగా చెరిగిపోలేదు. నేటికీ కొన్ని డాలర్ల మీద, స్వేచ్ఛాదేవి బుగ్గకు అడ్డంగా, సమాంతరమైన సన్నని గీతలు కనిపిస్తాయి. కొత్తగా చూసేవారు ఎవరో పాడు చేశారనుకుంటారు. తెలిసినవారికి అవి తూకం పనివాళ్ల చేతి గుర్తులు. 1795లో ఆ పనికి చేరిన సారా వాల్డ్రేక్, రేచల్ సమ్మర్స్ అనే ఇద్దరు స్త్రీలు అమెరికా టంకశాల తొలి మహిళా ఉద్యోగులు. స్వేచ్ఛాదేవి ముఖం ఊహించినది, ఆ గీతలు గీసినవి మాత్రం నిజమైన చేతులు. ఈ నాణేలలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ గీతలే.

1795లోనే బొమ్మ మారింది. భుజాల మీద వస్త్రం కప్పుకొన్న ఈ రూపానికి ప్రసిద్ధ చిత్రకారుడు గిల్బర్ట్ స్టూవర్ట్ గీసిన బొమ్మ ఆధారమని చెబుతారు. సేకరణకర్తలకు ఎక్కువ పని పెట్టింది దాని తర్వాత వచ్చినది, 1807లో జాన్ రైక్ చెక్కిన టోపీ బస్ట్. రైక్ జర్మనీ నుంచి వచ్చినవాడు. ఓడ ఖర్చు కింద ఇన్నేళ్లు ఊడిగం చేస్తానని కట్టుబడి వచ్చిన పనివాడు. టంకశాల అధికారి ఒకరు ఆ బాకీ తీర్చి అతన్ని విడిపించారు. అలాంటి మనిషి చేతుల మీదుగా స్వేచ్ఛాదేవికి టోపీ వచ్చింది. రోమ్‌లో విముక్తుడైన బానిస తలకు టోపీ పెట్టేవారు. అందుకే విప్లవ కాలంలో టోపీ స్వేచ్ఛకు గుర్తయింది. రైక్ వేసినది ఆ టోపీయా, ఆనాటి ఆడవాళ్ల అలంకారమా అన్న వాదన ఉంది.

వాదన ఎలా ఉన్నా, 1790 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో దాదాపు 7 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. టోపీ బస్ట్ వచ్చిన 1807లోనే బానిసల దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేశారు. అది 1808 జనవరి 1 నుంచి అమలైంది. ఉన్న బానిసత్వం మాత్రం దేశమంతటా రద్దయింది 1865లోనే. ‘లిబర్టీ’ అని రాసి ఉన్న వెండితోనే అంతకాలం మనుషుల్ని కొన్నారు, అమ్మారు. అందమైన నాణేన్ని మెచ్చుకొనేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం. పెడితే చూసింది సగమే అవుతుంది.

1804 తర్వాత మూడు దశాబ్దాల పాటు డాలరు ముద్రణ ఆగిపోయింది. కాబట్టి అరడాలరే పెద్ద వెండి నాణెం. ఇవి ఎక్కువగా బ్యాంకుల ఇనప్పెట్టెల్లో సంచుల్లో ఉండిపోయేవి. చేతులు మారింది తక్కువ కావడంతో అరిగిందీ తక్కువే. అందువల్ల సామాన్య సేకరణకర్తకు కూడా ఇవి దొరుకుతాయి. ఆనాటి అచ్చుల తయారీలో ప్రతిమను ఒకే పెద్ద పంచ్‌తో దించినా నక్షత్రాలు, అంకెలు, అక్షరాలు ఒక్కొక్కటే సుత్తితో కొట్టాలి. అందుచేత ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. 1807లో ఒక పనివాడు 50 సెంట్లకు బదులు 20 అని మొదలుపెట్టి, ఆ 2 మీదే 5 కొట్టాడు. అడుగున 2 ఇప్పటికీ కనిపిస్తుంది. అదే ఏడాది మరో విశేషం కూడా ఉంది. అచ్చు పగులు గడ్డం దగ్గర పడి స్వేచ్ఛాదేవికి గడ్డం మొలిచినట్టయింది. 1815 అరడాలర్లన్నీ 1812 నాటి అచ్చు మీద 5 దిద్ది వేసినవే. 1801 రాగి సెంటు ఒకదానిలోనైతే దేశం పేరే తప్పు పడింది. యు అక్షరానికి బదులు రెండు నిలువు ఐలు పడ్డాయి. రైక్ మాత్రం తన అరడాలర్లపై చివరి నక్షత్రం కొన మీద చిన్న గాటు పెట్టేవాడు. పేరు చెక్కుకొనే హక్కు లేని పనివాడి సంతకం అదేనని సేకరణకర్తలు నమ్ముతారు.

బొమ్మ అచ్చు, బొరుసు అచ్చు కలిసిన జతను వారు ‘పెళ్లి’ అంటారు. ఒకటి పగిలిపోతే మిగిలినదానికి మారుమనువే! 1807 నుంచి 1836 వరకు అరడాలర్లలో ఇలాంటి జతలు సుమారు 450 ఉన్నాయి. ఆల్ ఓవర్టన్ 1967లో వీటికి వరుస సంఖ్యలిచ్చి పుస్తకం వేశాడు. అంతకు ముందు ఏడాదే ఏర్పడిన ఒక సేకరణకర్తల సంఘం పేరు ‘బస్ట్ హాఫ్ నట్ క్లబ్’. నట్ అంటే పిచ్చివాడని అర్థం. ఆ పేరు వాళ్లే పెట్టుకున్నారు. అందులో చేరాలంటే కనీసం 100 రకాలైనా చేతిలో ఉండాలి.

నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు మార్కులతో కొలుస్తారు. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమితే మెరుస్తుంది. నాణేన్ని అలా తోమితే దాని విలువ పోతుంది. వెండి మీద రెండు వందల ఏళ్లుగా కట్టిన బూడిద, నీలి చాయలే అసలుతనానికి గుర్తు. పాత నాణెం దొరికితే నీళ్లలో కూడా రుద్దవద్దు. వేళ్లతో అంచులు పట్టుకొని, దీపం కింద మెల్లగా తిప్పుతూ చూడండి. అచ్చు వల్ల వచ్చిన గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. తర్వాత పడిన గీత లోపలికి ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలా వరకు చదవడం వచ్చినట్టే.

ధరల మాట అడుగుతారు కాబట్టి ఒక్కటి చెబుతాను. 1794 డాలరు ఒకటి 2013 జనవరిలో వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది. పత్రికలన్నీ ఆ అంకెనే రాశాయి.

1836లో ఫిలడెల్ఫియాకు ఆవిరి యంత్రం వచ్చింది. అంతకు ముందు అరడాలరు అంచు మీద ‘ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్’ అని అక్షరాలు ఉండేవి. వాటిని వేరే యంత్రంలో బిళ్లను దొర్లించి వేసేవారు. కొత్త యంత్రంతో అక్షరాలు పోయి, అంచుకు నిలువు గీతలు వచ్చాయి. నాణేలన్నీ ఒకే తీరుగా పడసాగాయి. ఓవర్టన్ పుస్తకం కూడా ఆ ఏడాదితోనే ఆగిపోతుంది.